ఎనక కొస

ముందు కొస సోములుది, ఎనక కొస నాది.
ముందోడికి దారి కనిపిస్తాది,
ఎనకోడికి ముందోడి ఈపు.
గొలుగొండ తాలూకా ఎలగుంటాదంటే
నాకు ముందు గేపకానికొచ్చేది
సోములు కుడి బుజం మీద ఉప్పుగట్టిన సెమట మచ్చ.

వంద లింకుల ఇనప గొలుసు.
పదేసి లింకులకో ఇత్తడి బిళ్ళ:
ఒక పన్నుంటే పది, రెండు పళ్ళుంటే ఇరవై.
నడిమి బిళ్ళ గుండ్రం, దానికి పళ్ళు నేవు,
మా ముసిలమ్మ నోరులాగ.
బడికెల్లనోడికి అదే బడి.

ఆకెళ్ళ విశ్వపతి పంతులు మా సర్వేయరు.
గొడుగు, క్వినైను సీసా, మోకాలి మీద కొలతల పుస్తకం.
పెన్సిలు నాలికతో తడిపి రాసీవోరు,
పెదాలు నల్లగుండీవి సాయంత్రానికి.
కరణం అయిన మాట సెప్పీవోడు కాదు,
మునసబు కాని మాట మానీవోడు కాదు.
కోళ్ళు బుట్టల కిందకీ, మొగోళ్ళు తోటల్లోకీ ఎల్లిపోయీవోరు.
మామిడిగెడ్డలో ఎర్రయ్యమ్మ ఒక్కర్తే
కొడవలితో గట్టుమీదే కూకుండిపోనాది.
"బాబూ, ఈ గొలుసు బూమికేస్తారా, మాకేస్తారా?"
పంతులుగోరు పెన్సిలాపినారు.
జవాబు రాసుకోడానికి ఆ పుస్తకంలో గడి నేదు.

రోజూ పొద్దున్న రెండు మేకుల మజ్జిన
గొలుసు పరిచి సరిసూడాల. అది రూలు.
కంపల్లో లాగితే, రాళ్ళమీద ఈడిస్తే
కొక్కేలు నోళ్ళు తెరుస్తాయి, ఆకలేసినట్టు.
ఆ నెల పంతులుగోరికి సలిజొరం.
మేకులు దిగ్గొట్టనేదు.
నా సెయ్యి కనిపెట్టీసింది ముందు.
సుట్ట సుట్టినపుడు సుట్ట పెరిగింది.
ఒక లింకు పొడుగు.
ఒక లింకంటే జానెడు కూడా నేదు.

నాను సెప్పనేదు.

గొలుసు సాగితే బూమి కురసవుతాది.
వందెకరాల ఊరు
కాయితంమీద తొంబై ఎనిమిది.
మిగిలిన రెండెకరాలూ ఎక్కడికీ ఎల్లిపోనేదు.
నీళ్ళెడితే తాగినాయి,
ఇత్తనమేస్తే మొలిసినాయి.
సిస్తు ఒక్కటే కట్టనేదు.
మామిడిగెడ్డ, దానెనక రాళ్ళపాలెం, గెడ్డవతల మూడు పల్లెలు,
ఐదూళ్ళు ఆ గొలుసుతోనే కొల్సినాం.
పొడుగు దాసీసిన గొలుసు
రోజుకింత బరువెక్కినట్టుండీది.

మాగమాసంలో పుస్తకాలు రేకుపెట్టిలో ఎట్టి
బండి మీద ఇశాపట్నం కచేరీకి.
సముద్రం అదే సూడ్డం. ఎవుడూ కొలవనట్టుంది.
కచేరీ వరండాలో రెండు రాగి గుర్తులు.
గుమస్తా మా గొలుసు పరిపించినాడు.
కొస గుర్తు దాటి పడ్డాది.
"ఎప్పట్నించి ఇలా?"
నా కాళ్ళల్లోంచి పేణం ఇసకలోకి దిగిపోనాది.
పంతులుగోరు నా కేసి సూడనేదు.
"మొన్న, నర్సీపట్నం దాటేక. బండిచక్రం ఎక్కింది."
గుమస్తా అదే రాసుకున్నాడు.

బండిచక్రం ఎక్కిన గొలుసు ఒంగుతాది,
సాగదు.
గుమస్తాకి తెల్దు. నాకు తెలుసు.
పంతులుగోరికి ఎప్పట్నించి తెలుసో
తిరుగుదారంతా అడుగుదామనుకున్నాను.
వరాహ గెడ్డకాడ ఎద్దులు నీళ్ళు తాగినాయి.
ఆయన పెన్సిలు సెక్కుకున్నారు.

కొత్త గొలుసిచ్చినారు.
మద్రాసు నూనె వాసన, కొక్కేలు గట్టిగా నోళ్ళు మూసుకుని.
దాంతో కొల్సిన మొదటి ఊరు మాది.
మా అయ్య గట్టుమీద నిలబడి
నన్ను సూసి మీసం తిప్పినాడు,
కొడుకు సేతిలో సర్కారు కొస ఉందని.
నాను మోకాలేసి, బాణంపుల్లకి కొస ఆనించి
"గొలుసూ!" అని అరిసినాను.
ఎకరం ముప్పైనాలుగు సెంట్లు.
వేలెడు తేడా నేదు.
దమ్మిడీలతో సహా కట్టినాడు ముసిలోడు, పోయీదాక.