ఏడు డబ్బాలు

సీడార్ సిటీలో, టైర్ల షాపు పక్కన
నాది పాత వీడియో గేముల కొట్టు.
గీతలు పడ్డవి, అట్టలు ఊడినవి,
పిల్లలు పెద్దవాళ్ళై అమ్ముకుపోయినవి.
మార్చి గాలికి ఎర్రదుమ్ము
అద్దె బాకీ అడగడానికొచ్చినట్టు
తలుపు సందులోంచి లోపలికొస్తుంది.

ఆ దుమ్ముతోపాటే వచ్చింది వెర్లీన్.
ఉన్ని కోటు. చేతిలో చీటీ.
చీటీలో మనవడి కోడిగీతలు: "బూడిద దారి".
ఎన్నో భాగమో రాయలేదు.

"ఏడున్నాయండీ," అన్నాను.
పేకముక్కల్లా పరిచాను గాజుబల్ల మీద.
"కాలు విరిగింది వాడికి. ఆరు వారాలు మంచమే.
ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి?"

ఈ ఒక్క ప్రశ్న కోసమే
ఇరవై రెండేళ్ళుగా షట్టరెత్తుతున్నానేమో.

మొదటిదాంట్లో మనుషులు గోధుమగింజలంత.
గళ్ళు లెక్కపెట్టి నడవాలి.
పధ్నాలుగేళ్ళప్పుడు నేను తొలి బావి దగ్గరే
పదకొండు సార్లు చచ్చాను, ఎందుకో తెలీకుండా.
ఈకాలం పిల్లలు దాంతో మొదలెడితే మొదటికే మోసం.
రెండోది మొదటిదాని కూతురు,
తల్లిని ఎరిగినవాళ్ళకే దాని వెటకారం అర్థమవుతుంది.
మూడోది... దాని సంగతి తర్వాత.
నాలుగోదాంతోనే లోకమంతా మొదలెడుతుంది.
అందులో ఒక కంచరగాడిద దొరుకుతుంది,
అది చచ్చిపోయినప్పుడు మగాళ్ళు ఏడవడం నేను చూశాను.
ఐదోదాంట్లో ఎంత నడిచినా ఎక్కడి గొంగడి అక్కడే.
ఆరోది అందంగా ఉంటుంది, అంతే.
ఏడోది వరసలో చివరిది, కథలో మొదటిది.

ఆవిడ అన్నీ విన్నది.
కళ్ళజోడు తీసి, కోటు అంచుతో తుడుచుకుని,
"బాంబు పడేది ఏ డబ్బాలో?" అంది.

దేంట్లోనూ పడదు.
పడిన రెండొందల ఏళ్ళకు మొదలవుతాయి ఆరు.
ఏడోది, పడే ముందురోజు రాత్రి ఆగిపోతుంది.

"నాకు ఎనిమిదేళ్ళు," అంది వెర్లీన్.
"గొర్రెలు ఈనే రోజులు. నాన్నతో గుడారంలో ఉన్నా.
ఆ రోజు పడమట తెల్లవారింది.
కాసేపటికి మామూలు సూర్యుడు కూడా వచ్చాడు,
ఆలస్యమైనవాడిలా, తూర్పునుంచి.
మధ్యాహ్నం ట్రక్కు మీద సన్నటి బూడిద.
నేనూ మా తమ్ముడూ వేళ్ళతో పేర్లు రాసుకున్నాం.
వాడి పేరు పెద్దది, లోవెల్ చార్ల్స్,
బానెట్ చాల్లేదు."

తమ్ముడేమయ్యాడని నేనడగలేదు.

"ముందురోజూ మేమే, మర్నాడూ మేమే.
మధ్యలో రెండొందల ఏళ్ళు ఎవరిచ్చారు మాకు?"

నీళ్ళు నమిలాను.
గాలికి టైర్ల షాపు రేకు ఒకసారి కొట్టుకుంది.

"గొర్రెలున్నది ఏది?"

మూడోది.
సగంలో కంపెనీ మునిగింది. ఉన్నది ఉన్నట్టే అమ్మేశారు.
పడమటి గేటు తెరిస్తే ఆకాశం ఉండదు,
రంగు వెయ్యని గోడలాగా ఉత్త తెలుపు.
అక్కడో కాపరి నిలబడి ఉంటాడు.
దగ్గరికెళ్తే నోరు తెరుస్తాడు.
మాటలు రాయడం మర్చిపోయారు, శబ్దం రాదు.
అతని మంద మాత్రం మేస్తూనే ఉంటుంది,
రోజుకో గొర్రె తగ్గుతుంది. ఎందుకో నాకు తెలీదు,
లెక్కల్లో పొరపాటంటారు.
నాకు ఏడింట్లోనూ అదే ఇష్టం,
కొనేవాళ్ళకి ఎప్పుడూ చెప్పను.

"అది పూర్తవదండీ," అన్నాను.
"ఇటివ్వు," అంది.

తొమ్మిది డాలర్లు. చిల్లర నాణేలు ఒక్కొక్కటే పెట్టింది.
మిగిలిన ఆరూ ఆ సాయంత్రం దాకా బల్ల మీదే ఉన్నాయి,
మధ్యలో ఒక డబ్బా మేర ఖాళీతో.

మూడు వారాలకి ఫోను.
కుర్రాడు, ఊపిరాడనంత తొందర:
"పడమటి గేటు తాళం ఎక్కడుంది?"
చెప్పాను, గొర్రెల దొడ్డి వెనక, తొట్టి కింద.
అటునుంచి కుర్చీ జరిగిన చప్పుడు,
వెనకనుంచి ఆవిడ గొంతు:
"ఇంకో రోజు ఆగమను. పిల్లలు ఇంకా పాలు తాగుతున్నాయి."