గోరంత దూరం

మొదట అద్దం మీద నింద వేశాను.
మూడుసార్లు మార్చాను.
తర్వాత కరెంటుని తిట్టాను, తీగని తిట్టాను,
రౌమా ఓడల యార్డులో మూడింటికే దిగే
ఫిన్లాండు డిసెంబరు చీకటినీ వదల్లేదు.

సైమీ సుత్తితో చిట్టెం రాల్చి
ఏమీ అనకుండా వేలు పెట్టి చూపించింది:
సందు ఇక్కడ,
నేను పోసిన లోహం అక్కడ.
మధ్యలో గోరంత దూరం.

ముప్పైనాలుగేళ్లుగా ఓడల పొట్టలు కుట్టినదాన్ని.
సూదిలో దారం ఎక్కడంలేదని
ఎవరితో చెప్పను?
జీతం చీటీ అయితే చేయి చాచి చదువుకుంటాను.
టార్చిని అంత దూరం పట్టలేను కదా.

మర్నాడు నా ముసుగులో, నల్లద్దం వెనక
భూతద్దం ముక్కొకటి దోపింది సైమీ.
గాలాలమ్మే కొట్లో కొన్నదట.

మెరుపు ముట్టించాను.

అయ్యో, ఇదా!
కరిగిన మడుగుకి గట్టుందే.
మీద తేలే మసక తెట్టు,
ముందంచు సందుని తడిమి తడిమి తాగడం...
ఇరవయ్యేళ్లప్పుడు చూశానా ఇదంతా?
అప్పుడు కళ్లుండేవి, తీరిక లేదు.

ముసుగెత్తాను.
అతుకు చేప పొలుసుల్లా కుదిరిందట,
సైమీయే చెప్పాలి.
నాకు కనిపించింది
ఎర్రగా చల్లారుతున్న ఒక గీత,
దాని పక్కన
అంచుల్లేని ఒక నవ్వు.