తరుగు

కొరియర్ పిల్లగాడు ఇచ్చిన డబ్బ అరచెయ్యంత గూడ లేదు.
లోపట రెండు పచ్చ పలకలు,
రెండు కురచ యాంటెన్నాలు, ఒక వైరు,
చీమతలకాయలంత అక్షరాల కాగితం.
ఖాజా భాయ్ కళ్లద్దాలు నొసటికెక్కించి
"గింతదానికి నాలుగువేలా?" అన్నడు.
ఏనుమాముల యార్డుల సగం కాంటాలు ఆయన విప్పి బిగించినయే.
రాయిని ఊరికె ఎత్తి చూసి
యాభై గ్రాముల అబద్ధం పట్టుకుంటడు.

కాగితంల మొదటి మాటే బెదిరింపు:
యాంటెన్నా బిగించకుండ కరెంటు పెట్టొద్దు.
చెప్పేది బయటికి పోను తొవ్వ లేకపోతే
చెప్పేటిదే కాలిపోతదట.
రెండుసార్లు సదివిన.
మర మూడుసార్లు తిప్పి చూసిన.

ఐనా రెండు రాత్రులు ఉలుకు లేదు పలుకు లేదు.
ల్యాప్‌టాప్ నాకేం కనవడుత లేదంటది,
పలక మీది బల్బేమో ఎర్రగ ఎలుగుతనే ఉంటది.
సాఫ్ట్‌వేర్ తీసిన, మళ్ల ఏసిన,
నా సదువునే అనుమానించుకున్న.
మూడోనాడు చాయ్ హోటల్ నర్మద
తన ఫోన్ వైరు గుంజి ఇచ్చింది. గంతే.
డబ్బల వచ్చింది ఉత్త ఛార్జింగు వైరు,
బువ్వ మోస్తది గని మాట మోయదు.

వేరే దేశపు గాలికి పెట్టి పంపిన మీటను
మన గాలిల ఒప్పుకునే ఎనిమిది వందల అరవై ఆరుకు జరిపిన.
మొదటి మాట ఏం పంపాలె?
మస్తు ఆలోచించి "కాంటా ఒకటి" అని కొట్టిన.
టేబుల్ అవతలి కొసకు, మూడు జానల దూరం,
"కాంటా ఒకటి" అని వచ్చి కూసున్నది.
ఖాజా భాయ్ రెండు పలకల నడుమ చెయ్యి ఊపి చూసిండు
ఏమన్న తాకుతదేమోనని.

ఇగ దూరం కొలవాలె.
ఓదెలన్న రుమాలు చుట్టల ఒక పలక పెట్టిన,
ఎట్లనూ పొద్దుందాక నడిచే మనిషేనాయె.
తెర మీద అంకెలు: మైనస్ నలభై,
షెడ్డు దాటితే మైనస్ ఎనభై.
అన్నీ మైనస్‌లే ఈ లెక్కల;
ఎంత తక్కువ పోతే అంత దగ్గరున్నట్టు.
"రైతు బాకీ చిట్టీ తీరుగనే ఉన్నది" అన్నడు ఖాజా భాయ్.

తేజ మిర్చి బస్తాల సందుల
నూటపన్నెండో ముచ్చట తర్వాత
నూట ఇరవై వచ్చింది.
నడుమ ఏడు ఎటుపోయినయో!
ఓదెలన్న కండ్లు తుడుసుకుంట వచ్చి చెప్పిండు:
"ఆడ ఏడు తుమ్ములు తుమ్మిన బిడ్డా,
గవే పోయినట్టున్నయి."
యాంటెన్నాను పీవీసీ పైపుకు కట్టి రేకుల మీదికి లేపితే
పత్తి యార్డు గేటు దాక,
మైనస్ నూటపద్దెనిమిది, తెగలే.

పొద్దుగూకంగ కాంటాకు జోడించిన.
ఇరువై కిలోల రాయి ఇక్కడ,
ఇరువై అక్కడ, రైతు కూసునే అరుగు కాడ,
దూరం నుంచి గూడ కనవడేటంత ఎర్రటి అంకెలు.
రాయి దించుతుంటే ఓదెలన్న నసిగిండు:
"నేనెక్కుదునా?"
ముప్పై ఒక్క ఏండ్లాయె యార్డుకు వచ్చి,
కాంటా మీదికి ఎక్కించుడే గని ఎక్కింది లేదట.
చెప్పులు ఇడిసి, రుమాలు తీసి పక్కకు పెట్టి,
ఊపిరి బిగబట్టి నిలవడ్డడు.

నలభై ఏడున్నర.
పొద్దుగాల మోసిన బస్తా కన్న రెండు కిలోలు ఎక్కువ.
అరుగు దిక్కు చూసుకుంట నిలవడి
పెద్దగ అడిగిండు:
"బిడ్డా, తరుగు తీసినంకనా, తియ్యకముందా?"
ఖాజా భాయ్ నవ్వవోయి ఆగిండు.
నేను తెరల వెనుకటి వరుస వెతికిన:
పంపింది నలభై ఏడున్నర, అందింది నలభై ఏడున్నర.
"తియ్యలేదన్నా" అన్న.
ఆయన ఇంకో గడియ దిగలేదు.

తెల్లారి షెటరు లేపేసరికి
హమాలీలు పన్నెండు మంది,
చెప్పులు ఇడిసి వరుసల ఉన్నరు.
బ్యాటరీ చూస్తే ముప్పై శాతమే.
ఎక్కుండ్రి అన్న.