బతికున్న తోలు

సాదో దీవిలో మాది
పండగ భేరీలు బాగుచేసే కొట్టు.
మా నాన్న గెంజిరో
ఆవుతోలు మీద వేలితో ఒక్కసారి తట్టి
ఎక్కడ వదులైందో చెప్పేవాడు.

ఆదివారం స్నానాలయ్యాక
అమ్మ తొడ మీద తల వాల్చేవాడు.
వెదురు చెవిపుల్ల, దాని తోకకు తెల్లటి ఈకల కుచ్చు.
అమ్మ ఊపిరి బిగబట్టి
గులిమి పొర ఒక్కటి పైకి తీసి
కాగితం మీద పెట్టేది.
ముత్యం దొరికినట్టు ఇద్దరూ వంగి చూసేవాళ్లు.
నాకప్పుడు రోత. ఇప్పుడు కాదు.

ఆరేళ్లవాణ్ణి. చేతిలో పీత.
చూపిద్దామనే పరిగెత్తాను.
చాప అంచు నా కాలికి తగిలింది,
నేను అమ్మ మోచేతికి తగిలాను.

నాన్న అరవలేదు.
అమ్మ ఒళ్లో దానిమ్మ గింజంత ఎరుపు.
లేవబోయి, గది తిరుగుతోందన్నాడు.
ఆ పీత మళ్లీ ఎవరికీ కనబడలేదు.

రేవు దగ్గరి డాక్టరమ్మ లోపలికి దీపం వేసి చూసి
కర్ణభేరికి చిల్లు పడిందంది.
భేరి అన్న మాటకే నాన్న ముఖం పాలిపోయింది.
చిరిగిన తోలుకు అతుకు నిలవదని
ఆయనకన్నా ఎవరికి తెలుసు?
“కొత్తది బిగించాలా?” అనడిగాడు, నిజంగానే.

ఆవిడ నవ్వలేదు.
“ఇది బతికున్న తోలు. చాలావరకు తనే అల్లుకుంటుంది.
నీళ్లు పోనివ్వొద్దు. నూనె వద్దు, పుల్ల అసలే వద్దు.
గులిమి మురికి కాదయ్యా,
చెవి తనకు తాను పూసుకునే మైనం.
మీరు అన్నం నములుతుంటే దవడ కదిలి
మెల్లగా గుమ్మం దాకా అదే వస్తుంది.
గుమ్మం తుడుచుకుంటే చాలు.
మూసుకుపోతే నా దగ్గరికి రండి.”

నాకర్థమైంది నమలడం ఒక్కటే.
రోజూ నాన్న దవడకేసి చూస్తూ కూచునేవాణ్ణి.
ఇంకో ముద్ద, ఇంకొక్క ముద్ద అని ప్రాణం తీసేవాణ్ణి.
ఏం చెప్పకుండా తినేవాడు.
ఆ శరదృతువంతా లావయ్యాడు.

చెవి పనిచేయని ఏడు వారాలూ
అరచెయ్యి తోలుకు ఆనించి
భేరి పలుకును ఎముకల్లోకి విన్నాడు.
చెవిపుల్ల కుచ్చుతో అమ్మ
భేరీ మేకుల సందుల్లో దుమ్ము దులిపేది.

చిల్లు పూడింది.
ఆదివారం స్నానమయ్యాక
నాన్న మళ్లీ వచ్చి తల వాల్చాడు.
అమ్మ చేతులు రెండూ ఖాళీ.
తడిగుడ్డ కొసతో చెవి డొప్ప వెనక
తుడవడానికేమీ లేని చోట తుడిచింది.

తర్వాత,
అలవాటు కొద్దీ,
“ఇక ఇటు తిరుగు, రెండో చెవి” అంది.