తోడుకు వెళ్ళిన పూట

ఫ్రీజర్ ఎప్పుడు ఆగిపోయిందో ఎవరికీ తెలీదు.
మూత ఎత్తితే
దుప్పి మాంసం నెత్తురు కారి,
అడవి పళ్ళు ముద్దకట్టి,
అడుగున మా అత్తగారు గూద్రిద్ సీసా.
ఎండు పొలుసులుగా దాచిన ఈస్టు
తడిసి, నల్లబడి,
కుళ్ళిన ఉల్లిపాయ వాసన.

క్రిస్మస్‌కి పన్నెండు రోజులు.
మాల్టు మరాడించి గోనెలో కట్టి ఉంది.
జూనిపర్ కొమ్మలు నరికి మంచు మీద పరిచాను.
రాగి కాగు తోమీ తోమీ చేతులు మొద్దుబారాయి.
అన్నీ ఉన్నాయి,
తోడు లేదు.

"వోస్ బజార్లో పొట్లాల్లో అమ్ముతున్నారుగా" అన్నాడు షూర్,
కట్టు కట్టిన మోకాలు స్టూలు మీద పెట్టుకుని.
అమ్ముతారు. పులుస్తుంది. అదీ బీరే.
కానీ ఎవరిదో ఫోటో తెచ్చి
గోడకి తగిలించి, తాతయ్య అన్నట్టుంటుంది.

ఎదుటి వాలు మీద హాల్డోర్ ఇంట్లో ఉంది.
మా అత్తే ఇచ్చింది, ముప్ఫై ఏళ్ళ కిందట.
చలికి బిగుసుకోకుండా ఆ సీసాని చంకలో ఇరికించుకుని
గడ్డకట్టిన సరస్సు మీదుగా నడిచి వెళ్ళింది నేనే,
కొత్త కోడల్ని.

హాల్డోర్‌కీ మాకూ తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు.
అతని పొట్టేలు కంచె దూకింది.
వసంతానికి మా మందలో
నల్లమూతి పిల్లలు పుట్టాయి.
వాటా అడిగాడు.
నేను ఒక మాటన్నాను. ఆ మాట ఇక్కడ రాయను.

తలుపు తీశాడు. ఖాళీ సీసా చాపాను.
అతను సీసాని చూశాడు, నన్ను కాదు.
అటక మీంచి ఒక కొయ్య దండ దించాడు,
పుల్లలకి గాట్లు పెట్టి అల్లినది,
సందుసందునా ఎండిన ఈస్టు, పాతగోడ సున్నంలా.
కత్తి మొనతో గీకి సీసాలోకి రాల్చి
"ముప్ఫై తొమ్మిది డిగ్రీలు. మరీ చల్లార్చకు" అన్నాడు,
నాకు తెలీనట్టు.
మా అత్త మోచేయి ముంచి చూసేది. నేనూ అంతే.

ఆ రాత్రి
జూనిపర్ నీళ్ళు మరిగి ఇల్లంతా అడవైంది.
మాల్టు రసం పుల్లల జల్లెడ దాటి
సన్నని తీగలా దిగింది.
తోడు వేసేటప్పుడు అరవాలి, మా లోయలో పద్ధతి.
నోరు మూసుకుని వేస్తే
తాగినవాళ్ళు గోడల్ని చూస్తూ కూర్చుంటారట.
వేసి, వాకిట్లోకి వచ్చి అరిచాను.
ఎంత అరిచానో నాకే తెలీదు,
తొమ్మిదేళ్ళది కొంత కలిసిందేమో.
సరస్సు అవతల ముందు కుక్క మొరిగింది.
తర్వాత, చాలా ఆలస్యంగా,
ఒక మగ గొంతు, బొంగురుగా,
తిరిగి అరిచింది.

నలభై గంటలకి నురగ కూర్చుంది.
నారింజ తొక్క వాసన, దాని వెనక కొంచెం పొగ.
ముక్కున్న వాళ్ళందరూ వచ్చారు.
అతనూ.

నంజుకోవడానికి మేకపాల గోధుమరంగు చీజ్ కోశాను,
ఆపిల్ బద్దలు, పల్చటి ఎండు రొట్టె.
హాల్డోర్ ఒక ముక్క నమిలి, ఒక గుక్క తాగి
"తీపి మీద తీపి. రెండూ కలిసి నిద్రపోతాయి" అన్నాడు.
కోటు జేబులోంచి కాగితం పొట్లం విప్పాడు.
ఎండబెట్టిన గొర్రె తొడ, అంచులకి ఉప్పు తేలి.
"ఉప్పు తగిలితేనే బీరు నోరు విప్పేది."
తిన్నాను. తాగాను. నిజమే.
నిజమని చెప్పలేదు.
అతని గ్లాసు నింపాను.

మూడు గంటలు ఆవిరి పట్టిన గొర్రె తల దించాం.
చెవి ముందు తినాలి, కొవ్వు పేరుకోకముందే.
కోసి నా పళ్ళెంలో పెట్టాడు.
ఆ మూతి నల్లగా ఉందా అంటే,
కాల్చాక అన్ని మూతులూ నలుపే.

పీపా అడుగు తెట్టు రెండు సీసాల్లోకి తీశాను.
ఒకటి ఇక్కడ. ఒకటి అతని చంకలో.
గుమ్మంలో బూట్లు తొడుక్కుంటూ
"నాలుగు పిల్లలు" అన్నాడు.
"మూడే" అన్నాను.