దాచిన కాలం

హాస్టల్ గదుల కేటాయింపు షీటు అది.
అడ్డంగా రెండు వేల మూడు వందల పేర్లు,
నిలువుగా పన్నెండు కాలాలు.
మా సెక్షన్‌లో కాలం అంటే గడియారంలోది కాదు,
పై నుంచి కిందికి నింపుకుంటూ పోయేది.

పదకొండోది: కింది అంతస్తు ఎందుకు కావాలి.
అందులో వాళ్లు రాసిన మాటలు రాసినట్టే ఉన్నాయి.
మెట్లెక్కితే ఆయాసం.
ఇన్సులిన్‌కి ఫ్రిజ్ దగ్గరుండాలి.
ఒకచోట, ఒక తల్లి చేతిరాతని చూసి నేనే టైపు చేశాను:
రాత్రిళ్లు ఒంటరిగా పడుకోబెట్టకండి, దయచేసి.

ఆ దయచేసిని కూడా టైపు చేశాను.
అవసరం లేదు. అయినా చేశాను.

జూలై, శుక్రవారం, ఐదుంపావు.
తిరువాన్మియూరులో ఐదు నలభై బండి అందుకోవాలి.
మౌస్ కుడివైపు నొక్కి
దాచు అన్నదాన్ని ఎంచుకున్నాను.
పదో కాలం పక్కకి పన్నెండోది జరిగి నిల్చుంది,
పన్ను ఊడిన చోట చిగురు కలిసిపోయినట్టు.
అందరికీ పంపేశాను.

దాచడం వేరు, తీసేయడం వేరని
పంతొమ్మిదేళ్ల సర్వీసులో నాకెవరూ చెప్పలేదు.
చెప్పలేదనడం అబద్ధం.
బియ్యం డబ్బాలో డబ్బు దాచే ఇంట్లో పెరిగినదాన్ని,
దాచింది ఎవరికో ఒకరికి దొరుకుతుందని నాకు తెలుసు.

ఆదివారం రాత్రికి ఎవరో తెరిచారు.
రెండు నొక్కులు, అంతే.
సోమవారం పొద్దున మెస్‌లో
ఒక ప్లేటు చుట్టూ మూడు కుర్చీలు ఖాళీగా ఉన్నాయట.

సూపరింటెండెంట్ గుణశీలన్ అన్నారు,
హైడ్ చేశాం కదమ్మా, మన తప్పేముంది.
మూడో రోజు సర్క్యులర్ వచ్చింది:
పాస్‌వర్డులు నలభై ఐదు రోజులకోసారి మార్చవలెను.
అందరం మార్చాం.
మార్చింది మర్చిపోకుండా చీటీ మీద రాసి
కీబోర్డు కింద పెట్టుకున్నాం.

నాలుగో రోజు ఆ అమ్మాయి కౌంటరు దగ్గరికొచ్చింది.
పేరు చెప్పను.
ఏ ఊరో, ఏ శాఖో చెప్పను.
చేతిలో ఆకుపచ్చ గొడుగు...
ఆగండి, అదీ చెప్పకూడదు.
ఆ వారం క్యాంపస్ మొత్తంలో ఆ రంగు గొడుగు ఒక్కటే.
సరే, అది ఆకుపచ్చ కాదు, గొడుగూ కాదు,
అమ్మాయి కూడా కాకపోవచ్చు.
ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను.

అరవలేదు. ఏడవలేదు.
గాజు పలక రంధ్రానికి నోరు దగ్గరగా పెట్టి
తెలుగులో అడిగింది
(చూశారా, మళ్లీ).
మేడమ్, మా అమ్మ ఆ మాట మీకు రాసింది.
మీ ఒక్కరికి.

నేనేమన్నానో గుర్తుంది.
ఫారం నంబరు ఎంతమ్మా, అన్నాను.

డేటా డేటా అంటుంటే
యంత్రానికి వేసే దాణా అనుకున్నాను ఇన్నాళ్లూ.
మా అమ్మ దాన్ని గుట్టు అనేది.
వ్యాసర్పాడిలో పక్కింటావిడ తన కష్టం చెప్పుకున్న రోజు
కుళాయి దగ్గర బిందె నిండేదాకా
నోట్లో తమలపాకు కుక్కుకుని నిల్చునేది,
ఎవరైనా పలకరిస్తే మాట జారకుండా.

ఈ ఏడు ఫారం మార్పించాను.
కింది అంతస్తు కావాలా? అవును, కాదు.
అంతే. ఎందుకో అడగం.
అబద్ధం చెప్పి గది కొట్టేస్తే? అన్నారు గుణశీలన్.
కొట్టేయనివ్వండి సార్, అన్నాను.
ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, సంతకం పెట్టారు.

ఆ తల్లి ఉత్తరం ఇంకా ఫైల్లోనే ఉంది.
రూలు ప్రకారం ఐదేళ్లు ఉంచి చింపెయ్యాలి.
రెండు అయ్యాయి.
ఐదుంపావుకి బీరువా తాళం వేసి, ఒకసారి లాగి చూస్తాను.
మెట్ల దాకా వెళ్లి, వెనక్కొచ్చి,
ఇంకోసారి లాగి చూస్తాను.
ఐదు నలభై బండి వెళ్లిపోతుంది.
పోనీ.