నాలుగు గంటలు

బెంజికారు కింద రెండు రూపాయల బిళ్ళంత మరక.
అదీ వాళ్ళింటి పోర్టికోలో, పాలరాతి మీద.
"సారు మోకాళ్ళ మీద కూచోని మరీ చూసినాడన్నా,"
డ్రైవరు లోకనాథం గుసగుసగా చెప్పినాడు,
"ఇరవై ఏండ్లలో ఆయన వంగింది చూడ్డం ఇదే."

కంపెనీ షెడ్డుకైతే మద్రాసుకు పంపాల, పది దినాలంట.
అందుకని మురకంబట్టు మలుపులో నా రేకుల కిందికి
నల్లంగా, సద్దు లేకుండా వచ్చి నిలబడింది.

సీలంటే ఏముంది,
అరచెయ్యంత చక్రం, గాజు కంటే రవ్వంత లావు.
రాత్రి బస్సులో పార్సిలొచ్చింది,
ఇడ్లీ పొట్లమంత బరువు గూడా లేదు.
దాని కోసరం సైలెన్సరు జరపాల, షాఫ్టు ఊడదియ్యాల,
తీగలన్నీ ఒకటొకటిగా విడిపించి
గేరుబాక్సును బాలింతను దించినట్టు దించాల.
ఏ బోల్టు ఏ బొక్కదో
చెంగడు అట్టముక్క మీద బొమ్మ గీసి గుచ్చుకున్నాడు.
ఏడింటికి మొదలుపెడితే
మూడుకు గానీ పాత సీలు మొగం కనపడలా.

గట్టిపడిపోయింది పెదవి.
గోరు తగిలితే పెళుసు.
కాలే ఇనుము గిరగిరా తిరగతా ఉంటే
అన్నేండ్లు దాన్ని ఆనుకోనుండేదానికి ఎవురి పెదవైనా అంతే.

అప్పుడొచ్చింది గురప్ప ఫోను.
మా తమ్ముడు. తోతాపురి కాయల ట్రాక్టరు మింద
పూతలపట్టు దోవలో, గుజ్జు ఫ్యాక్టరీ గేటు కాడ.
"రెండో రాత్రి రాబోతాదిన్నా, నా ముందర ఇంకా నలభై బండ్లుండాయి.
కిందికాయలు నలిగి రసం కారతా ఉండాది,
తారురోడ్డంతా జిగట, చెప్పులు అంటకపోతాండాయి."
రేటెంతరా అంటే
లోపలికి పోయినాక చెప్తారంట.

ఆ గేటు ఈ కారు ఆయనదే.

నా చేతిలో స్క్రూడ్రైవరు.
సీలు పెరికేటప్పుడు షాఫ్టు మీద వెంట్రుకవాసి గీత పడితే చాలు,
ఆర్నెల్లకు మళ్ళా మరక, మళ్ళా మోకాళ్ళు.
చెంగడు టార్చి పట్టుకోని ఊపిరి బిగబట్టినాడు.
నేను మొనకు గుడ్డపీలిక చుట్టినా.
షాఫ్టు ఏం పాపం చేసింది.

దస్తగిరి సాయిబు కాడ పని నేర్చేటప్పుడు
పాత లారీలకు తాడు సీళ్ళు.
రాత్రంతా నూనెలో నానేసి బొటనవేలితో నొక్కినోళ్ళం.
"నూనె తాగంది నూనెను ఆపదురా" అనేటోడాయన.
ఈ కొత్తది ఆయన మాట వినే రకం గాదు.
తడి తగలగూడదు. తుడిచి, పొడిగా కూర్చోబెట్టాల.
పెట్టినాక నాలుగు గంటలు ఇంజను ముట్టగూడదు,
ఇనుము వొంపేందో పెదవికి తెలియాల గదా.

నాలుగింటికి టక్కుమని కూర్చుంది.
గేరుబాక్సు ఎక్కించి, ఆఖరి బోల్టు బిగించి,
కొత్త ఆయిలు పోసి, కింద పాత పేపరు పరిచేసరికి తొమ్మిది.

సారే చేసినాడు ఫోను.
"ఐపోయిందా?"
ఐపోయింది సార్.
"పంపు మరి, తిరపతిలో రిసెప్షనుకు పోవాల."
సీలు కుదురుకోవాల సార్. నాలుగు గంటలు ఆగాల.
"ఆగకపోతే?"
కారతాది.
కొంచేపు ఏం మాట్లాడలా. వెనకాల ఎవరో గాజులు సర్దుకునే సద్దు.
"నాలుగు గంటలు నేనేం చెయ్యాల?"
అది నాకేం తెలుస్తాది సార్.

కూర్చోబెట్టి అప్పటికే అయిదు గంటలు.
అది నాకు తెలుసు, చెంగనికి తెలుసు.
వాడు నా పక్క ఒకసారి చూసి, ఏమీ అనకుండా
సర్ఫుపొడి చేతికి పోసుకోని కొళాయి కాడికి పోయినాడు.

పేపరు మీద ఒక్క చుక్క లేదు.
గురప్పకు ఫోను చేస్తే
ముప్పై ఎనిమిదో బండంట.